పొరుగువారి హక్కుకు గంటల లెక్క లేదు

కళాశాలలో చేరగానే చాలామంది పిల్లలు జాతీయ సేవా పథకంలో పేరు నమోదు చేయించుకుంటారు. గాంధీజీ శతజయంతి సంవత్సరమైన 1969లో 37 విశ్వవిద్యాలయాలతో ఆరంభమైన పథకమిది. ఏడాదికి 120 గంటల చొప్పున రెండేళ్లు సేవ చేసి, ఏడు రోజుల ప్రత్యేక శిబిరంలో పాల్గొన్నవారికి ధ్రువపత్రం లభిస్తుంది. మంచి ఏర్పాటే. అయితే 240 గంటలు పూర్తయిన మరునాడు మన వీధితో మన సంబంధం ఏమిటి?

దివ్యఖుర్ఆన్ ‘అన్ నిసా’ సూరా 36వ ఆయతులో బంధువులైన పొరుగువారితోపాటు పరాయి పొరుగువారి పట్ల కూడా సద్వర్తనను అల్లాహ్ ఆదేశించాడు. ఆ ఆదేశానికి గడువు లేదు.

యువకులు మహాప్రవక్త (స) యౌవనాన్ని ఒకసారి స్మరించాలి. యమన్ నుండి వచ్చిన ఒక వర్తకుని సరుకు తీసుకొని, మక్కా పెద్ద ఒకడు సొమ్ము ఎగవేశాడు. ఆ బాధితుని మొర విన్న కొందరు అబ్దుల్లాహ్ బిన్ జుద్‌ఆన్ ఇంట సమావేశమై, పీడితుడెవరైనా అతని హక్కు అతనికి దక్కేవరకు అండగా నిలుస్తామని ప్రమాణం చేశారు. అదే ‘హిల్ఫుల్ ఫుజూల్’. అందులో పాల్గొన్న మహాప్రవక్త (స) వయసు అప్పటికి సుమారు 20 ఏళ్లు. దైవదౌత్యం లభించిన తరువాత కూడా, అటువంటి ఒప్పందానికి ఎవరు పిలిచినా స్పందిస్తానని ఆయన సెలవిచ్చారు.

గమనించండి. ఆ బాధితుడు పరాయి ఊరివాడు. అతనికి కావలసింది దానం కాదు, న్యాయం. నేడు మన బస్తీలో పింఛను ఆగిపోయిన వితంతువు ఉంటుంది. ఉపకారవేతనానికి దరఖాస్తు నింపడం తెలియని కుటుంబం ఉంటుంది. చదువుకున్న మీరు ఆ కాగితం రాసిపెట్టి, కార్యాలయానికి వెంట వెళితే, అది కూడా హక్కు ఇప్పించడమే. ఆ ఇల్లు ఏ మతస్థులదని అడగవలసిన పని లేదు.

ఒక హెచ్చరిక. రేషన్ సంచి అందుకుంటున్న పేదరాలి ముఖాన్ని ఫోనులో అందరికీ చూపకండి. ఎత్తిపొడుపుతో, మనస్తాపంతో దానధర్మాలు వ్యర్థమవుతాయని ‘అల్ బఖరా’ 264వ ఆయతు హెచ్చరిస్తోంది.

తల్లిదండ్రులారా! చదువు చెడుతుందని పిల్లలను ఆపకండి. వారానికి రెండు గంటలు చాలు. ఆడపిల్లలు సాయంత్రం వీధిలోని చిన్నారులకు పాఠం చెప్పినా అది సేవే. మన పిల్లల యౌవనాన్ని అల్లాహ్ తన ప్రసన్నత కొరకు స్వీకరించుగాక! ఆమీన్.