గవర్నరు లేచిన పీఠము

అమెరికా సంయుక్త రాష్ట్రముల అధ్యక్షుడు ఎదిరి పక్షమునకు చెందిన యొక గవర్నరును పిలిచి పెద్ద పదవి నిచ్చినప్పుడు పత్రికలు దానిని ఔదార్యమని కొనియాడును. ఔదార్యమే కావచ్చును. కాని మా దృష్టి పోవునది పిలువబడినవానిపైకి కాదు, అతడు లేచిపోయిన పీఠముపైకి.

ఇచట పాఠకులొక భేదమును గమనింపవలెను. మన గవర్నరు రాష్ట్రపతిచే నియమింపబడువాడు. అమెరికా గవర్నరో, ప్రజల వోట్లచే నెన్నుకొనబడి పాలనమును స్వయముగా నడుపువాడు. మన ముఖ్యమంత్రికి సాటి. మన ముఖ్యమంత్రి కేంద్రమునకు పోయినచో శాసనసభలోని అధికసంఖ్యాకులే మరియొకరిని నిలుపుదురు. 2014లో మనోహర్ పారికర్ రక్షణమంత్రియై ఢిల్లీకి పోగా గోవాలో ఆయన పక్షమువాడైన లక్ష్మీకాంత్ పర్సేకర్ ముఖ్యమంత్రి యయ్యెను. అమెరికాలో నట్లు కాదు. ఖాళీ పీఠ మెవరిదో ఆయా రాష్ట్రపు రాజ్యాంగము ముందే వ్రాసియుంచును. వచ్చువాని పక్షమేదని అది యడుగదు.

ఈ వ్రాత యెంతపని చేయునో అరిజోనా చూపినది. 2009 జనవరిలో అధ్యక్షుడు ఒబామా తన పక్షపు గవర్నరే యైన జానెట్ నెపోలిటానోను స్వదేశ భద్రతా శాఖకు మంత్రిగా గొనిపోయెను. ఆ రాష్ట్రమున నుపగవర్నరు లేడు. రాష్ట్ర కార్యదర్శియే వారసురాలు. ఆమె జాన్ బ్రూవర్, రిపబ్లికను. రొట్టె విరిగి నేతిలో పడినట్లు, ఒక్క వోటైనను పడకయే పాలనము చేతులు మారెను. శాసనసభ యంతకుముందే రిపబ్లికనులది. వలసదారులపై వారు తెచ్చిన కఠినమైన బిల్లులను నెపోలిటానో పలుమారు త్రోసివేసియుండెను. 2010 ఏప్రిలులో, పోలీసులు తామాపినవారిపై అనుమానము గలిగినచో దేశమున నుండుటకు వారికి హక్కు కలదో లేదో విచారింపవలెనను చట్టముపై బ్రూవర్ సంతకము చేసెను. నెపోలిటానో కదలకుండినచో 2011 జనవరి వరకు ఆ పీఠ మామెదే! ఒబామా ప్రభుత్వమే ఆ చట్టముపై వ్యాజ్యము వేయవలసివచ్చెను. 2012లో సుప్రీముకోర్టు మూడు నిబంధనలను కొట్టివేసి, ఆ విచారణ నిబంధనను మాత్రము నిలువనిచ్చెను. తాను చేసిన ఖాళీ తనమీదికే దావాగా తిరిగివచ్చుట యన నిదియే.

ఎదిరి పక్షమువానిని పిలుచుటలో మెలిక వేరు. అదే యేడు యూటా గవర్నరగు జాన్ హంట్స్‌మన్ అను రిపబ్లికనును ఒబామా చైనాకు రాయబారిగా బంపెను. మంత్రిపదవి కాదుగాని తంత్ర మొక్కటే. ఉపగవర్నరు గ్యారీ హెర్బర్టును రిపబ్లికనే గనుక యూటా వోటరునకు నష్టము లేదు, నష్టపడినది హంట్స్‌మనే. 2012లో అధ్యక్ష పదవికై తన పక్షమువారి నాశ్రయింపబోగా ఒబామా కొలువున నుండిన సంగతి ఆయనను వెంటాడెను. దీనిని గౌరవ మందుమా, ప్రత్యర్థిని దూరదేశమునకు సాగనంపుట యందుమా? రెండును కలసియుండె ననియే మా తలంపు.

గవర్నరు కాకపోయినను సెనేటరు జడ్ గ్రెగ్ ఇట్టి సందర్భమున నడచిన తీరు మాకు నచ్చినది. 2009 ఫిబ్రవరిలో వాణిజ్యమంత్రిగ రమ్మనగా, తన రాకవలన సెనేటులో పక్షబలము మారరాదని ఈ రిపబ్లికను పట్టుపట్టెను. ఖాళీని నింపవలసిన న్యూ హాంప్‌షైర్ గవర్నరు డెమోక్రాటు. ఆయనయు రిపబ్లికనునే నియమింప నంగీకరించెను. కొలది దినములకే గ్రెగ్ విధానభేదములచే తప్పుకొనెను, అది వేరు మాట. వోటు వేసినవాని సొత్తు తన సొత్తు కాదని యాయన యెరిగెను.

కొలువు చేయువానిని మార్చు హక్కు అధ్యక్షునికి గలదు. రాష్ట్రపు తీర్పును మార్చు హక్కు లేదు. ఆ హక్కును కాపాడవలసినది అధ్యక్షుని దయ కాదు, రాష్ట్రపు శాసనము. అరిజోనా ప్రజలు తెలిసికొనిరి. 2026 ఎన్నిక మొదలుకొని గవర్నరు అభ్యర్థితో నొకే జంటగా ఉపగవర్నరు నిలువవలెనని 2022లో వోటు వేసి తీర్మానించిరి. ఓరెగాన్, వయోమింగ్ రాష్ట్రములలో మాత్రము ఖాళీ పీఠ మింకను రాష్ట్ర కార్యదర్శిదే.