ఇంటి ముచ్చట: అస్తమయ శాసనము



సంక్రాంతికి ముందు మా యింట అటకమీది సామాను దింపించుట వాడుక. ఒక్కొక్క వస్తువును ముందుంచుకొని "దీనిని ఉంచుటకు కారణమేమి?" అని నేనడుగుదును. మావారు ప్రతి పగిలిన జాడీ పక్షమునను వకాల్తా పుచ్చుకొని, "తీసివేయుటకు కారణమేమి?" అందురు. పైకి రెండును ఒకే ప్రశ్నవలె తోచును గాని, మొదటి ప్రశ్న గెలిచిన యింట అటక ఖాళీయగును. రెండవది గెలిచిన యింట అటక విఱుగును.

నా ప్రశ్ననే సర్కారు కచ్చేరీల నడుగవలయునని అమెరికా దేశమందలి కొలరాడో రాష్ట్రము 1976లో శాసనము చేసినది. ఎచటనైనను ఒక ప్రభుత్వ మండలి పుట్టెనా, దానికిక చావు లేదు. ఎవరో పూనుకొని రద్దు చట్టము తెచ్చువఱకు జీతములు, బత్తెములు, ముద్రలు సాగుచునే యుండును. ఈ శాసనము దీనిని తలక్రిందులు చేసినది. మండలికి ముందే గడువు పెట్టుదురు. ఆ గడువులోగా శాసనసభ మఱల నిలువుమని చట్టము చేయనిచో, సాయంకాలపు సూర్యునివలె అది తనంతట తానే క్రుంకును. అందుచేతనే దానికి అస్తమయ శాసనమని పేరు. గడువుకు ముందు పరిశీలకులు లెక్కలు విప్పి, ఈ మండలివలన ప్రజల ఆరోగ్యమునకు, క్షేమమునకు నిజముగా రక్షణ కలుగుచున్నదా, ఇంతకంటె తక్కువ కట్టుబాటుతో ఆ పని జరుగదా యని విచారింతురు.

మరుసటి యేడు, 1977లో, టెక్సస్ రాష్ట్రమును ఇట్టి శాసనమునే చేసికొన్నది. అచట సాధారణముగా 12 ఏండ్ల కొకసారి విచారణ. విచారించు సంఘములో ఎగువసభవారు ఐదుగురు, దిగువసభవారు ఐదుగురు, సామాన్య పౌరులు ఇద్దఱు. కొద్ది యేండ్లలోనే ముప్పదికి పైగా రాష్ట్రములు ఈ త్రోవ పట్టినవి. తరువాత కొన్ని విడిచినవి. వెదకుటకు శ్రమ మెండు, పాఱవేయబడునవి కొద్ది యని వారి విసుగు. అటక దింపినవారికి ఈ విసుగు క్రొత్త కాదు.

ఈ పద్ధతి నాకు మిక్కిలి నచ్చినది. నచ్చినదనియే దానిలోని లోటునుగూడ చెప్పుచున్నాను.

2019లో టెక్సస్ శాసనసభవారు ప్లంబర్లకు లైసెన్సు లిచ్చు మండలి గడువు పొడిగింపలేక ఇండ్లకు పోయిరి. మండలి క్రుంకుటకు సిద్ధమైనది. ప్లంబర్లు గగ్గోలు పెట్టిరి. గవర్నరు గ్రెగ్ అబ్బాట్, 2017నాటి హార్వీ తుపాను కష్టములను కారణముగా చూపి, విపత్కాలమున తనకుండు అధికారముతో దానిని 2021 వఱకు నిలిపెను. నోరున్నవారి సంగతి యిట్లు చక్కబడినది.

కొలరాడోలో వేఱొక మండలి యుండెడిది. ఆ దేశమున శవమును అంత్యక్రియలు నడుపు వ్యాపారుల కప్పగించుట వాడుక. అచట స్థిరపడిన మన తెలుగువారికిని వారే దిక్కు. ఆ వ్యాపారులకు అనుమతి లిచ్చు మండలి 1983లో అస్తమించినది. ఆ వృత్తికి లైసెన్సు అక్కఱలేని రాష్ట్రము దేశమంతటికి అదొక్కటే యయ్యెను. నలువది యేండ్లు గడచినవి. 2023 అక్టోబరులో పెన్‌రోజ్ అను చిన్న యూర దుర్వాసన వచ్చుచున్నదన్న ఫిర్యాదుపై ఒక భవనము తెఱచి చూడగా, దహనము చేయక క్రుళ్ళనిచ్చిన శవములు సుమారు 190 బయటపడినవి. అస్థికలని తమకిచ్చిన పొడిని పూజ్యముగా దాచుకొన్న కుటుంబములలో కొందఱికి, అది కాంక్రీటు పొడియని తెలిసినది. ఆ తల్లుల దుఃఖమును వ్రాయుటకు నాకు చేతగాదు.

మండలి యుండినచో ఇది జరుగకుండెడిదని నేను ప్రమాణము చేయజాలను. కాని 'ఇది యెవరికి కావలయును?' అని విచారించుచోటికి చనిపోయినవారు వచ్చి సాక్ష్యమీయలేరు గదా. దుఃఖములో నున్నవారు పెట్టె విప్పి చూడరు. ఫిర్యాదులు లేవన్నంత మాత్రమున అన్యాయము లేదని యెట్లనగలము?

ఈ యేడు అటకతోపాటు పడకగదియు సర్దించి, ఒక కాలు పొట్టియైన ముక్కాలిపీటను వీధికంపితిని. ఇంట ఎవరును అడ్డు చెప్పలేదు. మూడవనాటి తెల్లవారుజామున మా అత్తగారు మంచము దిగుటకు గోడను తడవుకొనుట చూచితిని. ఆమె ఊత ఆ పీటయే. "నన్నడుగలేదుగా అమ్మాయీ, ఏమని చెప్పుదును?" అనిరి. వడ్రంగిచేత క్రొత్తది చేయించితిమి గాని, దాని యెత్తు ఆమె చేతికింకను అలవడలేదు.

కొలరాడో శాసనసభ 2024లో రెండు చట్టములు చేసినది. ఒకదానిచేత, ఫిర్యాదు వచ్చువఱకు వేచియుండక, అధికారులు ఆ వ్యాపారస్థలములను క్రమముగా తనిఖీ చేయవలయును. రెండవదానిచేత 2027 మొదలు ఆ వృత్తివారికి లైసెన్సు ఉండితీరవలయును.