బొమ్మల కథలు

బొమ్మలున్న పుస్తకము పసివారికనియు, అక్షరములు మాత్రమే యున్న పుస్తకము పెద్దవారికనియు మనలో నొక యభిప్రాయము నాటుకొని యున్నది. ఎనిమిదవ తరగతి విద్యార్థి చేతిలో బొమ్మల కథ కనబడినచో, "ఇంకను బొమ్మలేనా?" యని పెద్దలు పరిహసింతురు. ఈ పరిహాసము నాకు సమంజసముగా తోచదు. బొమ్మను చూచుట వేఱు, బొమ్మను చదువుట వేఱు. రెండవదానికి శ్రద్ధ కావలెను, ఊహయు కావలెను.

మనవారికిది క్రొత్త విద్య కాదు. తెలంగాణమునందలి చేర్యాల చిత్రకారులు పొడవైన గుడ్డపై కథను వరుసలు వరుసలుగా చిత్రించెడివారు. ఊరూర తిరుగు కథకులు ఆ పటమును వ్రేలాడదీసి, బొమ్మ వెంట బొమ్మను చూపుచు కథను గానము చేసెడివారు. నేటికిని కొన్ని కుటుంబములవారు ఆ చిత్రకళను నిలుపుకొని యున్నారు. 1947లో వెలువడిన 'చందమామ' సంగతి చెప్పనేల? భుజముపై శవమును మోయుచు నడచు విక్రమార్కుని శంకర్ అను చిత్రకారుడు చిత్రించెను. బేతాళుడు చెప్పిన కథలలో నొక్కటియు జ్ఞాపకము లేనివారికి సైతము ఆ బొమ్మ జ్ఞాపకముండును.

ఇక అతిమానుష వీరుల కథలు. అమెరికాలో 1938లో 'యాక్షన్ కామిక్స్' అను పత్రిక మొదటి సంచికయందు సూపర్‌మ్యాన్ తొలిసారి కనబడెను. ముఖచిత్రమున నాతడొక మోటారుకారును తలకు మించి యెత్తి పట్టుకొని యుండును. ఇట్టి బలము మొదట ఆశ్చర్యము గొల్పును. పదవ కథ నాటికి ఆవులింత తెప్పించును. తుపాకి గుండు తగిలినను చలింపనివానికి అపాయమేమి? అపాయము లేనిచోట కథ యేమి? నన్నాకట్టుకొన్నది ఆతని రెండవ రూపము. కళ్లజోడు పెట్టుకొని, బెదురు చూపులతో వార్తాపత్రికలో విలేఖరిగా పనిచేయు క్లార్క్ కెంట్ ఆతడే. తోడివారు చులకన చేసినను నోరు మెదపడు. విరటుని వంటసాలలో వలలుడను పేర గరిటె త్రిప్పిన భీమసేనుని నెఱిగిన మనకు ఇందలి రసము చక్కగా తెలియును. కీచకుని చంపిన భీముని కంటె, నిండు కొలువులో వాడు ద్రౌపదిని తన్నినపుడు పండ్లు కొఱుకుచు ఊరకుండవలసి వచ్చిన భీముడే నా మనస్సును కలచివేయును.

ఈ వీరుని సృష్టించినవారు క్లీవ్‌లాండ్ నగరమునందలి జెర్రీ సీగెల్, జో షుస్టర్ అను యువకులు. ఇరువురును వలస వచ్చిన యూదు కుటుంబముల బిడ్డలు. ఆ పాత్రపై హక్కులను వారు 130 డాలర్లకు వ్రాసి యిచ్చిరి. తరువాత సూపర్‌మ్యాన్ కథలు ధనరాశులు గడించుచుండగా, కన్నవారు లేమితో బాధపడిరి. 1975లో గాని వారికి ఏటేటా భరణమును, కథలపై తమ పేర్లును మరల దక్కలేదు. బలహీనుల పక్షమున ఎగిరివచ్చు ఆ వీరుడు వారి పక్షమున మాత్రము ఎగిరి రాలేదు!

1962లో స్టాన్ లీ, స్టీవ్ డిట్కో సృష్టించిన స్పైడర్‌మ్యాన్ మీవంటి పాఠశాల విద్యార్థి. తల్లిదండ్రులు లేరు, పెదతండ్రి దంపతులు పెంచిరి. శక్తి లభించిన క్రొత్తలో, యెదుట పారిపోవుచున్న దొంగను తనకెందుకులే యని విడిచిపెట్టెను. ఆ దొంగయే పిమ్మట పెదతండ్రిని చంపెను. ఇక నాతని బలమెంతటిదైనను ఆ యొక్క దినమును వెనుకకు మరలింపజాలదు. ఈ కథను నేను మరల మరల చదివితిని.

ఇట్టి పుస్తకములు బాలురను చెఱచునని అమెరికాలో గొప్ప అలజడి చెలరేగినది. 1948లో కొన్ని ఊళ్లలో వీనిని కుప్పలుగా పోసి తగులబెట్టిరి. 1954లో ఫ్రెడ్రిక్ వెర్తమ్ అను మానసిక వైద్యుడు వీనిని ఖండించుచు నొక గ్రంథము వ్రాసెను. అందలి సాక్ష్యములు కొన్నింటిని ఆయన తన వాదమున కనుకూలముగ మార్చెనని, ఆయన కాగితములనే పరిశీలించి, 2012లో కెరోల్ టిల్లీ అను పరిశోధకురాలు చూపినది.

అట్లని నాకీ పుస్తకములపై ఫిర్యాదు లేకపోలేదు. వీరుడు పిడికిలి బిగించినట్లు బొమ్మలో కనబడుచునే యుండును. పైనున్న మాటల బుడగలో, పిడికిలి బిగించుచున్నానని మరల చెప్పుకొనును! చదువరి తెలివిపై ఇంత అపనమ్మకమేల? ఒక గడికిని వేఱొక గడికిని నడుమ సన్నని తెల్లని సందుండును. మొదటి గడిలో ఎత్తిన కఱ్ఱ. రెండవ గడిలో పగిలిన కుండ. కఱ్ఱ కుండపై పడుట ఎవరును గీయలేదు. దానిని చదువరియే తన మనస్సులో గీసికొనెను. మంచి చిత్రకారుడు ఆ సందును మన కొఱకు విడిచిపెట్టును. తక్కినవారు దానిని గూడ మాటలతో పూడ్చివేయుదురు.

ఈ విడిచిపెట్టుటలో నేనెఱిగినవారిలో మారిస్ సెండాక్ అగ్రగణ్యుడు. 1963లో వెలువడిన ఆయన పుస్తకము 'వేర్ ది వైల్డ్ థింగ్స్ ఆర్' పసివారి కుద్దేశింపబడినది. మాటలు బహు స్వల్పము. అల్లరి చేసిన మాక్స్ అను బాలుని తల్లి భోజనము పెట్టక గదికి పంపివేయును. ఆ గదిలో అడవి మొలచును. మొదట పుటలో కొంత భాగమునందే యిమిడి యున్న బొమ్మ, పుట పుటకును పెరిగి, అంచులను మ్రింగి, తుదకు మాటలనే వెలుపలికి గెంటివేయును. బాలుడు వింతమృగములతో గంతులు వేయు మూడు జంటపుటలలో ఒక్క అక్షరమైనను లేదు. ఆ మృగములను చూచి పిల్లలు జడిసికొందురని కొందఱు పెద్దలాక్షేపించిరి. 1964లో ఆ పుస్తకమునకే కాల్డెకాట్ పతకము లభించినది.

మాక్స్ ఇల్లు చేరుసరికి గదిలో భోజనము సిద్ధముగా నుండును. కడపటి పుటలో బొమ్మయే లేదు. ఆ భోజనమింకను వేడిగా నున్నదని తెలుపు కొద్దిపాటి మాటలు మాత్రమున్నవి. దానిని తెచ్చి పెట్టిన తల్లి ముఖము పుస్తకములో నెచ్చటను కనబడదు.