లక్ష రూపాయల కారు, మన పరువు

టాటా నానో కారు ఎందుకు నిలబడలేదని ఎవరైనా అడిగితే చెప్పడానికి మన దగ్గర చాలా సమాధానాలున్నాయి. సింగూరులో ఫ్యాక్టరీ భూముల గొడవ అంటాం. 2010లో కొన్ని కార్లకు నిప్పంటుకుందంటాం. కంపెనీకి దాన్ని అమ్ముకోవడం చేతకాలేదంటాం. అతి చవకైన కారని ప్రచారం జరగడమే పొరపాటని రతన్ టాటా స్వయంగా చెప్పాక ఆ మూడో సమాధానం మనకు మరీ సులువైపోయింది. వీటిలో అబద్ధమేదీ లేదు. కానీ హైదరాబాద్ కాప్రాలో, ఈసీఐఎల్ చౌరస్తా చుట్టూ ఉన్న కాలనీల్లో ఏళ్ల తరబడి బతుకుతున్న మాలాంటి వాళ్లం ఈ సమాధానాల చాటున దాక్కోవడం న్యాయం కాదు. ఆ కారు తయారైంది మనకోసం. వద్దన్నదీ మనమే.

వానలో స్కూటర్ మీద వెళ్తున్న ఒక కుటుంబాన్ని చూసి రతన్ టాటాకు ఆ ఆలోచన వచ్చిందంటారు. అలాంటి కుటుంబాలు కాప్రాలో వీధి వీధినా ఉండేవి. ముందు హ్యాండిల్ పట్టుకుని నిలబడ్డ పెద్దపిల్ల, వెనక ఒక పక్కకి కూర్చున్న తల్లి, ఆమె ఒళ్లో కొంగు కప్పుకున్న చంటివాడు. సికింద్రాబాద్‌లో పెళ్లి భోజనం చేసి రాత్రి పదింటికి మౌలాలి మీదుగా ఇంటికొస్తుంటే చినుకులు మొదలయ్యేవి. మూసేసిన కొట్టు ఏదో చూసుకుని, దాని రేకుల కింద బండి ఆపేవాళ్లం. ఆడవాళ్లు పట్టుచీర కుచ్చిళ్లు పైకి దోపుకునేవారు. నిద్రపోతున్న పిల్లాడి తల ఒక భుజం మీంచి ఇంకో భుజానికి మార్చుకునేవారు. పక్కనే ఇంకో రెండు కుటుంబాలు, ఇంకో రెండు బళ్లు. ఆ రేకుల కింద నిలబడి ఒక చిన్న కారుంటే బాగుండుననుకోని వాడు మాలో లేడు.

2008 జనవరి 10న ఢిల్లీ ఆటో ఎక్స్‌పోలో ఆ చిన్న కారును చూపించారు. లక్ష రూపాయలకు ఇస్తానన్న మాట తప్పనని టాటా చెప్పారు. ఆ ధరలో కారు చేయడం ఎంత కష్టమో వివరించనక్కర్లేని ఊరు ఏదైనా ఉందంటే అది మనదే. 1967లో ఎ.ఎస్. రావుగారు ఈసీఐఎల్‌కి పునాది వేశాక పుట్టిన ఊరిది. ఆయన పేరే మన నగర్‌కి పెట్టుకున్నాం. ఇక్కడ టీవీలు చేశారు, కంప్యూటర్లు చేశారు, దేశం ఓటేసే యంత్రాలు చేశారు. పక్కనే అణు ఇంధన సంస్థ ఎన్ఎఫ్‌సీ. లేత్ మిషన్ ముందు నిలబడి జీవితం గడిపినవాళ్లు, డ్రాయింగ్ బోర్డు మీద ఒక గీత చెరిపేస్తే ఎంత ఇనుము ఆదా అవుతుందో తెలిసినవాళ్లు మన ప్రతి వీధిలోనూ ఉన్నారు.

అలాంటి మన చేతికి ఆ కారొచ్చింది. గిరీష్ వాఘ్ నాయకత్వంలో ఇంజనీర్లు ఏళ్లపాటు ఒక్కో భాగాన్నీ పట్టుకుని, ఇది లేకపోతే పని జరగదా, ఇది ఇంకాస్త తేలికైతే ఓపదా అని తేల్చుకుంటూ చేసిన బండి అది. 624 సీసీ, రెండు సిలిండర్ల ఇంజిన్‌ని వెనక్కి నెట్టేశారు. దాంతో మారుతీ 800 కన్నా 8 శాతం పొట్టిగా ఉన్నా, లోపల కూర్చునే చోటు 21 శాతం ఎక్కువ దొరికింది. చక్రానికి నాలుగు బోల్టుల బదులు మూడు. అద్దానికి ఒకటే వైపర్. స్టీరింగ్ షాఫ్ట్ లోపల కూడా బోలు. నాలుగు మీటర్ల వ్యాసార్ధంలో తిరిగిపోయే బండి. మన కాలనీల సందు మలుపులకు కొలిచి చేసినట్టుండేది.

ఆ మూడు బోల్టులు చూసి మనం నవ్వాం. ఎందుకు మూడే వేశారో తెలియని వాళ్లు నవ్వితే సరే. తెలిసినవాళ్లం నవ్వాం. కొందరం నవ్వలేదనే చెప్పాలి, కానీ నవ్వేవాళ్ల మధ్య కూర్చుని ఊరుకున్నాం. టీ కొట్టు దగ్గర ఒకరు డబ్బా అన్నారు, ఇంకొకరు దానికన్నా ఆటో నయమన్నారు. అలా కాదు, ఆ ఇంజిన్ అక్కడ పెట్టడంలో ఎంత తెలివుందో చూడండని ఒక్క మాట అనడానికి మనకు నోరు రాలేదు. నాకూ రాలేదు. ఎందుకంటే ఆ మాట అంటే, అయితే నువ్వు కొంటున్నావా అని అడుగుతారు.

మొదట్లో ఉత్సాహం లేదని కాదు. 2009 ఏప్రిల్‌లో బుకింగులు తెరిస్తే దేశమంతా కలిపి 2 లక్షల మందికి పైగా డబ్బు కట్టారు. లాటరీ తీసి లక్ష మందికి ఇవ్వాల్సి వచ్చింది. సింగూరు నుంచి ఫ్యాక్టరీ కదిలిపోతుందన్నప్పుడు మన రాష్ట్రం కూడా రమ్మని పిలిచిన రాష్ట్రాల్లో ఉంది. వస్తే ఎక్కడ పెడతారు, ఏ వైపు స్థలాల ధరలు పెరుగుతాయి అని మనమంతా లెక్కలేశాం. అది చివరికి గుజరాత్‌లోని సాణంద్‌కి పోతే బాధపడ్డాం. ఫ్యాక్టరీ మన దగ్గరికి రావాలి, కారు మాత్రం పక్కింటివాడు కొనాలి. సింగూరు రైతుల గోడు అయితే ఏ లెక్కలోనూ మనకు తట్టలేదు. 2016లో సుప్రీంకోర్టు వాళ్ల భూములు వాళ్లకు తిరిగిచ్చేయమంటే వార్త చదివి పేజీ తిప్పాం.

కొన్నవాళ్లను మనం ఏం చేశామో కూడా చెప్పుకోవాలి. మా వీధిలో ఒక రిటైర్డ్ టీచర్ పసుపు రంగు నానో కొన్నారు. కొత్త బండికి నిమ్మకాయలు తొక్కించిన రోజు అందరం వెళ్లాం, స్వీటు తిన్నాం. బయటికొచ్చాక ఒకరు, "మాస్టారికి ఇద్దరు కొడుకులు అమెరికాలో ఉండి కూడా ఇదేనా" అన్నారు. ఆ మాట ఆయన చెవిన పడే ఉంటుంది. పెట్రోల్ బంకులో కుర్రాడు ట్యాంకు మూత కోసం బండి చుట్టూ ప్రదక్షిణ చేసేవాడు. ముందు బానెట్ ఎత్తి అక్కడ పోయాలని మాస్టారే దిగి ఓపిగ్గా చూపించేవారు. వెనక వరసలో నిలబడ్డ మేం చూసి నవ్వుకునేవాళ్లం. తర్వాత్తర్వాత ఆయన పెళ్లిళ్లకు ఆ కారు తీసుకెళ్లడం మానేశారు. ఫంక్షన్ హాలు గేటు దగ్గర ఎవరి కారు లోపలికి పంపాలో, ఎవరిది బయట రోడ్డు మీద పెట్టించాలో వాచ్‌మన్‌కి నేర్పింది మనమే కదా.

పెళ్లి సంబంధాల దగ్గరికొస్తే ఇంకా స్పష్టం. "బావగారూ, అబ్బాయికి కారు ఉందా?" అన్న ప్రశ్నకు నానో అనే జవాబు చెప్పడం కన్నా లేదనడమే గౌరవమనుకున్నాం. లేదంటే ఇంకా కొనలేదని అర్థం. నానో అంటే ఇంతకన్నా కొనలేడని అర్థం. అదే డబ్బుకు సెకండ్ హ్యాండ్ ఆల్టోనో శాంట్రోనో తెచ్చుకుని దాని రిపేర్లకు అంతకంత పెట్టాం. బండి పాతదైనా పేరు పెద్దది.

ఆ కారులో లోపాలు లేవా? ఉన్నాయి. మొదటి మోడల్లో వెనక డిక్కీ తెరుచుకునేది కాదు, సీటు వంచి సామాను పెట్టాలి. 2014లో గ్లోబల్ ఎన్‌క్యాప్ భద్రతా పరీక్షలో దానికి ఒక్క నక్షత్రమూ రాలేదు. పిల్లల ప్రాణాల సంగతి కదా, భయపడటంలో తప్పేముంది అని మనకు మనం చెప్పుకోవచ్చు. నేనూ చెప్పుకున్నాను. కానీ ఆ భయమే నిజమైతే, స్కూటర్ ముందు నిలబెట్టిన పిల్లకు ఏ నక్షత్రాలున్నాయని తిప్పాం? పైగా ఆ పరీక్ష ఫలితం రాకముందే మనం ముఖం తిప్పుకున్నాం. 2010 నవంబర్‌లో దేశం మొత్తమ్మీద అమ్ముడైన నానోలు 509. ఇంకా గట్టిగా చేసివ్వండి, ఇంకో పాతిక వేలు ఎక్కువైనా ఫరవాలేదు, భద్రంగా చేయండి అని మనం అడిగి ఉంటే అది వేరే సంగతి. మనం అడిగింది అది కాదు. చూసేవాళ్లకు పెద్దగా కనిపించేది కావాలన్నాం. 2015లో వెనక డిక్కీ తెరుచుకునేట్టు చేసి, గేర్లు వాటంతటవే పడే మోడల్ కూడా తెచ్చారు. అప్పటికి మనలో ఎవరూ తిరిగి చూడలేదు. 2018 జూన్‌లో ఫ్యాక్టరీలో తయారైన నానో ఒకే ఒక్కటి.

ఆ తర్వాత కూడా మన వరస మారలేదు. అప్పటి అనంతపురం జిల్లా పెనుకొండ దగ్గర యర్రమంచిలో కియా ఫ్యాక్టరీ వచ్చింది. 2019లో అక్కడి నుంచి మొదట బయటికొచ్చింది సెల్టోస్. మన తెలుగు నేల మీద కారు తయారవుతోందని సంతోషించాం, సంతోషించాల్సిందే. ఆ కారు మన సందుల్లో పడుతుందా అని మాత్రం అడగలేదు. ఇప్పుడు కమలానగర్‌లో, సైనిక్‌పురి లోపలి వీధుల్లో సాయంత్రం నడిచి చూడండి. ఇంటి గేటు ముందు ర్యాంపు రోడ్డులోకి నాలుగడుగులు వచ్చి ఉంటుంది. ర్యాంపు పక్కన పెద్ద కారు, ఎదురింటి ముందు ఇంకో పెద్ద కారు. రెండింటి మధ్య నుంచి స్కూలు ఆటో వెళ్తే, కర్ర పట్టుకుని నడిచే ముసలాయన ఎక్కడ నిలబడాలి? ఆ ర్యాంపులు పోయించింది బయటివాళ్లు కాదు. మా ఇంటి ముందున్నదీ అలాంటిదే.

అందరం నానోలే కొని ఉంటే రోడ్లు నిండేవి కావా అంటే, నిండేవే. దానికి బస్సు కావాలి. కుషాయిగూడ డిపో మన పక్కనే ఉంది. కానీ మొదటి కారు ఇంటికొచ్చిన రోజే మనం బస్సు గురించి అడగడం మానేశాం. నిజానికి చిన్న కారును అవమానించిన బుద్ధీ, బస్సెక్కితే తక్కువనుకున్న బుద్ధీ ఒకటే. రెండు చోట్లా నష్టపోయింది ఇంకా బండి మీద నలుగురు వెళ్లేవాళ్లు. ఆ రేకుల కింద నిలబడటం మనం మానేశాం కాబట్టి, అక్కడ ఇప్పటికీ జనం నిలబడుతున్నారని మరిచిపోయాం. మూడు మీటర్లు కూడా లేని చిన్న ఎలక్ట్రిక్ కారు కామెట్ 2023లో వచ్చింది. ధర దాదాపు 8 లక్షలతో మొదలైంది. చిన్న కారు తిరిగొచ్చిందని మెచ్చుకున్నాం. అది ఆ రేకుల కింద వాళ్లకోసం కాదని ఎవరం అనలేదు.

2025 సెప్టెంబర్‌లో చిన్న కార్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి తగ్గింది. మా బంధువుల్లో ఒక కుర్రాడు చిన్న కారే చూసుకున్నాడు, ఈ తగ్గింపుతో బాగానే మిగులుతుందని లెక్క కూడా వేసుకున్నాడు. దసరాకి ఇంటికొచ్చి, "మామయ్యా, మిగిలిన దానికి ఇంకొంచెం కలిపితే పై సైజు బండే వస్తుంది కదా, ఏమంటారు?" అని అడిగాడు. వాళ్లుండేది నేరేడ్‌మెట్‌లో ఒక ఇరుకు సందు. ఆ సందు నాకు బాగా తెలుసు. అయినా, ఎలాగూ ఒకసారి కొనేదే కదా, మంచిదే తీసుకో అన్నాను.