కాలేయంలో కొవ్వు: కామెర్లు రాకముందే మేల్కొందాం

స్కానింగు రిపోర్టులో ‘ఫ్యాటీ లివర్’ అన్న మాట కనిపిస్తే మనలో చాలామందిమి తేలికగా తీసుకుంటాం. నొప్పి లేదు, ఆకలి తగ్గలేదు, ఇక భయమెందుకనుకుని ఆ కాగితాన్ని బీరువాలో పెట్టేస్తాం. కాలేయంలో 5 శాతానికి మించి కొవ్వు చేరడాన్నే ఈ పేరుతో పిలుస్తారు.

రక్తంలోకి వచ్చిన క్రిములను పట్టి నిర్మూలించడం, రోగనిరోధానికి అవసరమైన ప్రొటీన్లను తయారుచేయడం కాలేయం చేసే పనులే. కొవ్వు మూలంగా వాపు వచ్చి, క్రమంగా మచ్చలు పడితే ఆ శక్తి సన్నగిల్లుతుంది. కలుషితమైన నీరు, ఆహారం ద్వారా సోకే హెపటైటిస్ ఎ, ఇ వైరస్‌లు ఆరోగ్యవంతులలో సాధారణంగా కొన్ని వారాలలో తగ్గిపోతాయి. అప్పటికే దెబ్బతిన్న కాలేయం మీద పడితే అవే ప్రాణాంతకం కావచ్చు.

కనుక ఇంట్లో ఎవరికైనా కళ్లు పచ్చబడితే పసరు మందులతో రోజులు గడపక వైద్యుని వద్దకు తీసుకువెళదాం. మగత, మాట తడబాటు, రక్తస్రావం కనిపిస్తే క్షణం ఆలస్యం చేయరాదు. నీటిని మరిగించి తాగుదాం. హెపటైటిస్ ఎ, బి టీకాల గురించి వైద్యుని అడుగుదాం.

అధిక బరువున్నవారు 7 నుంచి 10 శాతం తగ్గితే కాలేయంలోని కొవ్వు, వాపు కూడా తగ్గుతాయి. రోజూ నడుద్దాం. దావతుల్లో వేపుళ్లను, తీపి షర్బత్తులను, శీతల పానీయాలను మితం చేద్దాం. బీరువాలోని ఆ రిపోర్టును నేడే బయటికి తీద్దాం.