పేరు ముస్లింలది, పెత్తనం జాగీర్దార్లది

పాకిస్తాన్‌లో ప్రభుత్వం కూలిందనో, మాజీ ప్రధాని జైలు పాలయ్యాడనో, అప్పు కోసం ఆ దేశం మళ్ళీ చేయి చాచిందనో వార్త వచ్చినప్పుడల్లా మన చెవిన ఒక వెటకారం పడుతుంది: "చూశారా, మీ వాళ్ళ రాజ్యం ఎట్లా ఉందో!" అది మన రాజ్యం కాదు. వెళ్ళే అవకాశం ఉండి కూడా వెళ్ళనివారి సంతానం మనం. ఆ మాట చెప్పి ఊరుకోవడం మనకు అలవాటైపోయింది. మనలో కొందరు ఆ దేశం ప్రస్తావన రాగానే మాట మారుస్తారు. మరికొందరు అవతలివారి కన్నా రెండు మాటలు ఎక్కువ తిట్టి తమ దేశభక్తికి రుజువు చూపించుకుంటారు. రెండూ భయం నుంచి పుట్టినవే. పొరుగున 24 కోట్ల మంది సామాన్యుల బతుకు ఎందుకు ఇలా అయిందో చదివి, తెలుసుకుని, నిర్భయంగా మాట్లాడే హక్కు ఈ దేశ పౌరులుగా మనకు ఉంది.

ఉద్యోగ జీవితమంతా ప్రభుత్వ దస్త్రాల మధ్య గడిపినవాళ్ళం కనుక నినాదాల కన్నా జమాఖర్చుల మీద, భూమి లెక్కల మీద మాకు గురి ఎక్కువ. పాకిస్తాన్ కథను కూడా అటు నుంచే చదవాలని మా అభిప్రాయం.

పైకి కనిపించేది రాజకీయ అస్థిరత. 1947 నుంచి నేటి వరకు అక్కడ ఏ ప్రధానమంత్రీ పూర్తిగా అయిదేళ్ళ పదవీకాలం ముగించలేదు. తొలి ప్రధాని లియాఖత్ అలీ ఖాన్‌ను 1951 అక్టోబర్ 16న రావల్పిండి బహిరంగ సభలో కాల్చి చంపారు. ఆ తర్వాతి ఏడేళ్ళలో ఆరుగురు ప్రధానులు మారారు. తొమ్మిదేళ్ళు తర్జనభర్జన పడి 1956లో రాజ్యాంగం రాసుకుంటే, 1958లో సైనిక పాలన వచ్చి దానిని రద్దు చేసింది. వయోజన ఓటుహక్కుతో దేశవ్యాప్తంగా తొలి ప్రత్యక్ష ఎన్నికలు జరిగింది 1970 డిసెంబర్‌లో. మన దేశం అప్పటికి నాలుగు సార్వత్రిక ఎన్నికలు చూసింది. 1977లో జియా, 1999లో ముషారఫ్, మధ్యలో భుట్టోకు ఉరి, బేనజీర్‌కు రెండుసార్లు బర్తరఫ్. 2022 ఏప్రిల్‌లో అవిశ్వాస తీర్మానంతో దిగిపోయిన ఇమ్రాన్ ఖాన్ మరుసటి ఏడాది ఆగస్టులో జైలుకు వెళ్ళారు. ఈ జాబితా పాఠకులకు కొత్త కాదు.

ఆ 1970 ఎన్నికలకు కొద్ది వారాల ముందు, నవంబర్ 12న, తూర్పు పాకిస్తాన్ తీరాన్ని పెనుతుఫాను ముంచెత్తింది. మృతులు మూడు లక్షలకు తక్కువ కాదని అంచనా. సహాయం అందించడంలో పశ్చిమాన ఉన్న పాలకులు చూపిన అలసత్వాన్ని బెంగాలీలు మరచిపోలేదు. తూర్పున 162 సాధారణ స్థానాలకు 160 అవామీ లీగ్ గెలుచుకుంది. దేశం మొత్తం మీద మెజారిటీ ఆ పార్టీదే అయినా అధికారం అప్పగించలేదు. ఏడాది తిరగకముందే సగానికి పైగా జనాభా విడిపోయి బంగ్లాదేశ్ అయింది. ఒకే మతం అనే బంధం ఉన్నా ఆకలికి, అవమానానికి జవాబు దొరకలేదు.

ప్రభుత్వాలు ఇంత చంచలంగా ఉన్న చోట ఒకటి మాత్రం చెక్కుచెదరకుండా నిలిచింది: భూమి మీద పెత్తనం. సింధ్‌లో వడేరా, పంజాబ్‌లో చౌధురి, బలూచిస్తాన్‌లో సర్దార్. పార్టీ ఏది గెలిచినా చట్టసభలో ఆ కుటుంబాలకు కుర్చీ దొరుకుతుంది. సైనిక పాలకుడు వచ్చినా వారితోనే పొత్తు. తెలంగాణ పాఠకులకు దీనిని ప్రత్యేకంగా వివరించనక్కరలేదు. జాగీర్దార్లు, దేశ్‌ముఖ్‌ల కాలం మన పెద్దలు చూసినదే. అయితే ఇక్కడ 1949 ఆగస్టులో జాగీర్లు రద్దయ్యాయి. తర్వాత 1973 భూ సంస్కరణల చట్టం అయిదుగురి కుటుంబానికి మాగాణి 10 నుంచి 27 ఎకరాలు, మెట్ట 35 నుంచి 54 ఎకరాలు అని హద్దు గీసింది. బినామీ పేర్లతో తప్పించుకున్నవారు మన దగ్గరా తక్కువేమీ కాదు. అయినా హద్దు అన్నది ఒకటి కాగితం మీద నిలిచింది.

అక్కడ అయూబ్ ఖాన్ 1959లో విధించిన పరిమితి తరి భూమికి 500 ఎకరాలు, మెట్టకు 1,000 ఎకరాలు. అదీ కుటుంబానికి కాదు, మనిషికి. ఇంట్లో ఉన్న ప్రతి పేరు మీదా ఒక పట్టా రాయించుకుంటే సరిపోయేది. స్వయంగా పెద్ద భూస్వామి కుటుంబం నుంచి వచ్చిన భుట్టో 1972లో దానిని 150, 300 ఎకరాలకు, 1977లో 100, 200 ఎకరాలకు తగ్గించారు. అదే ఏడాది ఆయన పదవి పోయింది. ఇక 1989లో అక్కడి సుప్రీంకోర్టు షరియత్ అప్పిలేట్ బెంచి, ఖజల్బాష్ వక్ఫ్ కేసులో, ఇలా పరిమితి విధించి భూమి తీసుకోవడం ఇస్లాంకు విరుద్ధమని తీర్పు ఇచ్చింది. 1990 మార్చి 23 నుంచి ఆ తీర్పు అమలులోకి వచ్చింది. మార్చి 23 వారికి జాతీయ దినం కూడా! భూ సంస్కరణల అధ్యాయం అంతటితో ముగిసింది.

ఈ తీర్పు దగ్గర మనం ఆగాలి. ధనం ధనికుల మధ్యనే తిరుగుతూ ఉండిపోరాదన్నది మన ధర్మంలో మదర్సా పిల్లవాడికి కూడా తెలిసిన సంగతి. ఆ ధర్మం పేరునే వేల ఎకరాలకు కంచె కట్టవచ్చునని ఒక దేశపు అత్యున్నత న్యాయస్థానం తేల్చింది. ఆస్తిహక్కుకు షరియత్ ఇచ్చే రక్షణను మేము తక్కువ చేయడం లేదు. అది అనాథ, వితంతువు, చిన్నరైతు ఆస్తికి కూడా రక్షణే. కానీ ఆ రక్షణ ఫలం ఎవరి ఇంటికి చేరిందో చూడకుండా, మతం పేరు ఉంది కనుక మాట్లాడరాదని ఊరుకోవడం మాత్రం మాకు చేతకాదు.

జియా కాలంలో 1980లో వచ్చిన జకాత్, ఉష్ర్ ఆర్డినెన్సు సంగతీ అంతే. రంజాన్ మొదటి రోజున బ్యాంకు పొదుపు ఖాతాల నుంచి రెండున్నర శాతం జకాత్ కోసేవారు. రంజాన్‌కు ముందే డబ్బు తీసేసుకోవడం జనానికి ఆనవాయితీ అయింది. పంట మీద రావలసిన ఉష్ర్ మాత్రం నామమాత్రపు వసూలుగానే మిగిలిపోయింది. గుమాస్తా పొదుపు దొరికింది, జాగీర్దారు గోదాము దొరకలేదు.

ఐక్యరాజ్య సమితి అభివృద్ధి కార్యక్రమం 2021లో వెలువరించిన నివేదిక ఈ పక్షపాతానికి లెక్క కట్టింది. పెద్ద కంపెనీలు, భూస్వాములు, రాజకీయ వర్గం, సైన్యం పొందుతున్న రాయితీలు, ప్రత్యేక సౌకర్యాల విలువ 1,740 కోట్ల డాలర్లు, అంటే దేశ ఆర్థిక వ్యవస్థలో సుమారు ఆరు శాతం. సైన్యానికి అనుబంధంగా ఉన్న ఫౌజీ ఫౌండేషన్ ఒక్కటే ఎరువులు, సిమెంటు మొదలు అల్పాహారపు అటుకుల దాకా వ్యాపారం చేస్తుంది. పేద స్త్రీల కోసం 2008లో మొదలైన బేనజీర్ ఆదాయ సహాయ పథకం జాబితాను 2019లో వడపోస్తే ఎనిమిది లక్షలకు పైగా పేర్లు అనర్హమని తేలాయి. వాటిలో లక్షా నలభై వేలకు పైగా ప్రభుత్వోద్యోగులవి లేదా వారి జీవిత భాగస్వాములవి. ప్రభుత్వ జీతం తిన్నవాళ్ళం కనుక ఈ ఒక్క అంకె మమ్మల్ని అన్నిటికన్నా ఎక్కువగా సిగ్గుపరచింది.

ఇక దీని భారం ఎవరు మోశారు? 2022 వరదల్లో 1,700 మందికి పైగా చనిపోయారు, మూడు కోట్ల ముప్పై లక్షల మంది నష్టపోయారు. 2023 మే నెలలో ద్రవ్యోల్బణం 38 శాతానికి చేరింది. ఆ ఏడాది రంజాన్‌లో కరాచీలోని ఒక కర్మాగారం దగ్గర దానం పంచుతున్నారని తెలిసి గుమిగూడిన జనంలో తొక్కిసలాట జరిగి కనీసం పదకొండు మంది, అత్యధికులు స్త్రీలు, పిల్లలు, ప్రాణాలు విడిచారు. ఉపవాసంతో వచ్చినవారు. జూన్‌లో గ్రీసు తీరంలో మునిగిన పడవలో కనీసం 350 మంది పాకిస్తానీయులు ఉన్నారని ఆ దేశపు హోంమంత్రే చెప్పారు. బతికి బయటపడినవారు పన్నెండు మంది. బడికి వెళ్ళని పిల్లలు రెండు కోట్ల అరవై లక్షలు. అయిదు నుంచి పదహారేళ్ళ వరకు ఉచిత నిర్బంధ విద్య హక్కు అని 2010లోనే రాజ్యాంగంలో రాసుకున్నారు.

మైనారిటీ హక్కుల కోసం నడిచే ఈ పత్రికలో ఇంకొక మాట చెప్పకపోతే మన నోటికి విలువ ఉండదు. సింధ్‌లో వడేరా పొలంలో అప్పుకు కట్టుబడి వెట్టి చేసే హారీలలో భీల్, కోల్హీ, మేఘ్‌వాడ్ కులాల హిందువులు ఎందరో ఉన్నారు. 2023 ఆగస్టు 16న పంజాబ్‌లోని జరన్‌వాలాలో దైవదూషణ ఆరోపణ పేరుతో అల్లరిమూకలు ఇరవైకి పైగా చర్చిలను, పదుల కొద్దీ క్రైస్తవుల ఇళ్ళను ధ్వంసం చేశాయి. ఇక్కడ మన మసీదుకు, మన ఇంటికి ఏ న్యాయం అడుగుతున్నామో అక్కడి చర్చికి, అక్కడి హారీకి అదే న్యాయం అడుగుతాము. "అక్కడ మీవాళ్ళు చేయలేదా" అని మనల్ని ఎత్తిపొడిచేవారికి భయపడి అడగడం లేదు; అడగకపోతే మన హక్కుల మాటకు బలం ఉండదు కనుక అడుగుతున్నాము.

ఇటీవలి పరిణామం ఒకటి గమనించదగినది. 2024 సెప్టెంబర్‌లో 700 కోట్ల డాలర్ల రుణం మంజూరు చేస్తూ అంతర్జాతీయ ద్రవ్యనిధి పెట్టిన షరతుల్లో పెద్ద వ్యవసాయ ఆదాయాల మీద పన్ను ఒకటి. 2025 ఫిబ్రవరి నాటికి నాలుగు రాష్ట్రాల చట్టసభలూ, అనేకమంది భూస్వాములే కూర్చున్న ఆ సభలే, చట్టాలు చేశాయి. వ్యవసాయ ఆదాయం మీద మన దేశంలోనూ కేంద్రం పన్ను వేయదు కనుక మనం మరీ గొప్పగా నవ్వుకోనక్కరలేదు. తన దేశపు పేదవాడు డెబ్భై ఏళ్ళు అడిగినా కదలనిది అప్పు ఇచ్చేవాడు అడిగితే కదిలింది. అయితే వడేరా పంట ఎంతో రాయవలసినవాడు అక్కడి తపేదారు, పట్వారీ. వారి బదిలీ, వారి బతుకు ఎవరి చేతిలో ఉంటాయో ఆ కొలువు చేసినవాళ్ళకు చెప్పనక్కరలేదు. మొదటి రెండు మూడేళ్ళ వసూలు లెక్కలు చూసేదాకా వాటిని సంస్కరణలు అని పిలవడానికి మేము సిద్ధంగా లేము.