పళ్ళు చూసి కొనవలసిన గుర్రం

"స్పోర్ట్స్ కారు"కు తెలుగులో ఇంతవరకూ సరియైన మాట పుట్టలేదు. నిఘంటువును ముందు పెట్టుకుని "క్రీడాశకటం" అందామంటే మృచ్ఛకటికంలోని మట్టిబండి కళ్ళముందు మెదులుతుంది. నేను మటుకు "పరుగుబండి" అంటాను. మాట లేకపోవటానికి కారణం వెతకనక్కర లేదు, వస్తువే మన ముంగిట లేదు. మనకు బండి అంటే బరువు మోసేది, మనుషుల్ని చేరవేసేది. ఎక్కడికీ చేరవలసిన పని లేకుండా, వంపులు తిరిగే దారిలో తోలటం కోసమే తోలే బండి మన ఊహలోకి ఆలస్యంగా వచ్చింది. అందువల్ల, మొదటిసారి అటువంటి బండిని, అదీ సెకండ్ హ్యాండులో కొనబోయే తెలుగువాడికి పెద్దల అనుభవం అండగా ఉండదు. ఇల్లు కొంటానంటే వాస్తు చెప్పటానికి పదిమంది వస్తారు. ఇరవై ఏళ్ళ నాటి రెండు సీట్ల బండి కొంటానంటే, మతి ఉందా అని అడగటానికి ఆ పదిమందే వస్తారు.

ఈ విషయంలో నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మొదటి పరుగుబండి బలం తక్కువదై ఉండాలి, బరువు తక్కువదై ఉండాలి. బండి కంటే దానితో వచ్చే కాగితాల కట్టను ఎక్కువగా చూడాలి. చేతిలో ఉన్న డబ్బులో మూడోవంతు కొనేనాడు ఖర్చు పెట్టకుండా దాచాలి. ఈ మూడింటిలో ఏ ఒక్కటి కుదరకపోయినా కొనకుండా ఊరుకోవటమే మర్యాద.

అసలు కోరిక సంగతి ముందు తేల్చుకుందాం. పొదుపుగా బతకటం మన మధ్యతరగతికి మతం వంటిది. ఉపయోగం లేని వస్తువు మీద డబ్బు పెట్టటం దుబారా అని నేర్చుకునే మనమంతా పెరిగాం. అయితే వీణ నేర్చుకునేవాణ్ణి "దీనివల్ల ప్రయోజనమేమిటి" అని ఎవరూ నిలదీయరు. చేతికీ మనసుకూ పని చెప్పే యంత్రం మీద మక్కువ పడటం అందుకు భిన్నమని నేననుకోను. క్లచ్చి నొక్కి, ఇంజను వేగాన్ని చెవితో పట్టుకుని, గేరును సరిగ్గా దాని తావులో పడేయటం ఒక విద్య. ఆ విద్య కోసం కొనేవాడికి నా ఓటు. పక్కింటివాడి కళ్ళ కోసం కొనేవాడికి మాత్రం ఒక్కటే మనవి: ఆ కళ్ళు మూడు వారాల్లో అలవాటు పడిపోతాయి, వాయిదాలు మాత్రం అయిదేళ్ళుంటాయి.

ఇక సంత సంగతి. పాతకార్ల బజారు గురించి జార్జ్ ఆకర్లాఫ్ అనే ఆర్థికవేత్త 1970లో ఒక వ్యాసం ప్రకటించాడు. అంతకుముందు మూడు పత్రికలు దాన్ని తిప్పి పంపాయి. అదే వ్యాసం పునాదిగా 2001లో ఆయనకు నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. అందులోని వాదం మన సంతల్లో తిరిగినవారికి కొత్తగా తోచదు. బండి లోపాలు అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలియవు. తెలియదు కనుక కొనేవాడు ఏ బండికైనా సగటు ధరే ఇస్తానంటాడు. ఆ ధరకు మంచి బండిని ఇవ్వటానికి దాని యజమానికి మనసొప్పదు, వెనక్కు తీసుకుపోతాడు. చివరకు బజారులో నాసిరకం బండ్లే మిగులుతాయి. "అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి" అని మనవాళ్ళు ఏనాడో అన్నది ఇదే బాధను. పరుగుబండ్ల విషయంలో ఈ చిక్కు మరీ ముదురుతుంది. వాటిని నెమ్మదిగా, ప్రేమగా వాడుకున్నవాడూ ఉంటాడు, ప్రతి కూడలిలోనూ టైర్లు కాల్చినవాడూ ఉంటాడు. కడిగి మెరుగుపెట్టి నిలబెడితే రెండు బండ్లూ ఒక్కలాగే తళతళలాడతాయి.

చట్టం మనల్ని కాపాడుతుందా అంటే, కొంతవరకే. నేనుండే అమెరికాలో 1985 నుంచి ఒక నియమం ఉన్నది. పాతకార్లు అమ్మే వ్యాపారి చాలా రాష్ట్రాల్లో బండి కిటికీకి ఒక కాగితం అంటించాలి. హామీ ఉందో, "ఉన్నది ఉన్నట్టుగా" అమ్ముతున్నాడో అందులో చెప్పాలి. తన సొంత బండి అమ్ముకునే మామూలు మనిషికి ఆ నియమం వర్తించదు. ఓడోమీటరు వెనక్కు తిప్పటం ఫెడరల్ చట్టం ప్రకారం 1972 నుంచి నేరమే. కాని బండి మరీ పాతదైతే, అమ్మేవాడు మైళ్ళ సంఖ్యను చేవ్రాలు పెట్టి ధ్రువపరచనక్కర లేదు. 2021కి పూర్వం ఆ మినహాయింపు పదేళ్ళు దాటిన బండ్లన్నిటికీ ఉండేది. ఆ ఏటి నుంచి, 2011 మోడలూ ఆ తరువాతివీ అయిన బండ్లకు గడువు ఇరవై ఏళ్ళయింది. అంతకు ముందటి బండ్లన్నీ ఆ లెక్క బయటే ఉండిపోయాయి. అంటే మనలాంటి వాళ్ళం చూసే ముసలి బండి అద్దంలో కనపడే అంకె అమ్మేవాడి మాట మాత్రమే. ఆ మాటకు సాక్ష్యం పాత రసీదులు. ఏ నెలలో ఎన్ని మైళ్ళ దగ్గర ఆయిలు మార్చారో చెప్పే పదిహేను మాసిన రసీదులు నిగనిగలాడే రంగు కంటే విలువైనవని నేనంటున్నది ఇందుకే.

మా తాతగారు ఎడ్లసంతకు వెళ్ళే పద్ధతి నాకు గుర్తున్నది. కొమ్ములకు రంగులు పూసి, మెడలో గంటలు కట్టిన జోడీ వంక ఆయన చూసేవారే కాదు. ముందు నోరు తెరిచి పళ్ళు చూసేవారు. రెండు పళ్ళదా, నాలుగు పళ్ళదా, కడపళ్ళు వచ్చేశాయా అన్నదాన్నిబట్టి వయసు తేలేది. తరువాత సుడులు, గిట్టలు. ఆ తరువాత కాడి కట్టి నడిపించి, ఏ కాలు ఈడుస్తున్నదో చూసేవారు. ఇవన్నీ అయ్యాకనే తువాలు కింద వేళ్ళు పట్టుకుని బేరం. బేరం చివర, పరీక్ష మొదట. మనం దీన్ని తలకిందులు చేసి, ముందు మనసులో కొనేసి, తరువాత లోపాలు వెతికినట్టు నటిస్తాం.

2019లో నేను కొన్నది 1999 నాటి మాజ్డా మియాటా. ఈ బండికి చిత్రమైన పుట్టుక ఉన్నది. 1979లో బాబ్ హాల్ అనే అమెరికన్ పత్రికా రచయిత, మాజ్డా ఇంజనీరు కెనిచీ యమమోతోతో మాట్లాడుతూ, పాత ఇంగ్లీషు రోడ్‌స్టర్ల వంటి తేలికపాటి బండి మీరెందుకు చెయ్యకూడదని అడిగాడు. పదేళ్ళకు, 1989 ఫిబ్రవరిలో, షికాగో ప్రదర్శనలో బండి నిలబడింది. ఇంజను 1.6 లీటర్లు, బలం 116 గుర్రాలు, బరువు వెయ్యి కిలోలకు కాస్త అటూ ఇటూ. చేసినవాళ్ళు దాని ఆదర్శాన్ని "జిన్‌బా ఇత్తాయ్" అన్నారు. గుర్రమూ రౌతూ ఒకే దేహమని అర్థం. 2016లో పది లక్షలవ బండి బయటకు వచ్చింది. ఈ ఆఖరి సంగతి నా వాదానికి ముఖ్యం. ఎక్కువగా అమ్ముడుపోయిన బండికి విడిభాగాలు దొరుకుతాయి, మర్మం తెలిసిన మెకానిక్కులు దొరుకుతారు, దాని జబ్బులు ఊరందరికీ తెలిసి ఉంటాయి. అరుదైన బండి కొనటం మొదటిసారి కొనేవాడి పని కాదు.

జబ్బులు తెలిసి ఉండటమంటే ఏమిటో చెబుతాను. ఈ బండి గుడ్డటాపు మీద పడిన వాన సీట్ల వెనక ఉన్న రెండు రంధ్రాల గుండా కిందికి పోతుంది. ఆకులు పడి అవి పూడుకుపోతే నీరు లోపలికి చేరి, తలుపుల కింది రేకు లోపలినుంచి తుప్పు పడుతుంది. 1999 తరువాతి తరంలో ఇంజను కిందుగా సాగే ముందువైపు రైళ్ళు కూడా తుప్పుకు లోకువ. నేనుండే ఒహాయోలో చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు గనుక ఇది చిన్న విషయం కాదు. టైమింగు బెల్టును 60,000 మైళ్ళకొకసారి మార్చాలి. టైరు పక్కన అచ్చువేసిన అంకెల్లో చివరి నాలుగూ దాని జాతకం: 1811 అని ఉంటే 2011లో పద్ధెనిమిదో వారంలో పుట్టినదని. చెక్కు చెదరని టైరైనా, ఎనిమిదేళ్ళ రబ్బరు తడిరోడ్డును పట్టుకోలేదు.

మూడు బండ్లు చూశాను. మొదటిది ఎర్రటిది, కన్ను తిప్పుకోనివ్వలేదు. సీట్ల వెనక తివాచీ మీద చెయ్యి పెడితే తడి తగిలింది. రెండోదాని యజమాని బండిని పైకెత్తి చూపించటానికి ఒప్పుకోలేదు. ఒప్పుకోకపోవటమే జవాబు. మూడోదానికి రంగు వెలిసింది, టాపుకు ఒక మాసిక ఉన్నది. కాని దాని యజమాని, రైల్వేలో పనిచేసి విశ్రాంతి తీసుకున్న పెద్దాయన, నేనడగకముందే ఒక దస్త్రం తెచ్చి బల్ల మీద పెట్టాడు. బయటి మెకానిక్కుకు 150 డాలర్లిచ్చి పరీక్ష చేయించాను. 9,000 డాలర్లు అనుకున్న నేను 6,000కు కొన్నాను. మిగిలినదానిలో 2,300 మొదటి ఆరునెలల్లోనే బెల్టుకూ, నీటి పంపుకూ, టైర్లకూ, బ్రేకులకూ అయిపోయింది. దాచిన డబ్బే లేకపోతే ఆ బండి మా ఇంటి ముందు వినాయకుడి వాహనంలా కదలకుండా కూర్చునేది.

"ఇంతకు ఇంత పెట్టి జర్మను బండే కొనవచ్చుగా" అన్న మిత్రులున్నారు. నిజమే, అప్పటికే తొలితరం పోర్షె బాక్‌స్టర్ ధరలు బాగా దిగివచ్చాయి. ఆ తరం ఇంజనుల్లో మధ్య షాఫ్టు బేరింగు విఫలమై ఇంజనే పోయిన సందర్భాలు ఆ బండి ప్రేమికులందరూ ఎరిగినవే. అన్ని బండ్లకూ అలా కాదు, ముందుగా మార్పించుకునే వీలూ ఉన్నది. నా అభ్యంతరం బండి మీద లేదు, లెక్క మీద ఉన్నది. పాతబడ్డప్పుడు బండి ధర తగ్గుతుంది, దాని మరమ్మతుల ధర మాత్రం కొత్తనాటిదే. ఏనుగును చవకగా ఇస్తున్నారంటే మేత కూడా చవకేమో అనుకోకూడదు.

బలం గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. ఇక్కడికి చదువుకు వచ్చిన మన కుర్రవాళ్ళు, ఉద్యోగం దొరకగానే, నాలుగువందల గుర్రాల బలమున్న పాత బండిని మొదటి బండిగా కొనటం చూస్తున్నాను. వాళ్ళ సరదాను నేను వెక్కిరించను. కాని అంత బలం చేతిలో ఉంటే నేర్చుకునే అవకాశమే ఉండదు. ఆ బండి హద్దులేమిటో ఊరి రోడ్డు మీద తెలియవు, తెలిసిన క్షణానికి సరిదిద్దుకునే వ్యవధి ఉండదు. అర్ధరాత్రి గుంటూరులోనో కరీంనగరులోనో మోగే ఫోను సంగతి వాళ్ళు ఊహించలేరు, ఆ వయసు అటువంటిది. మనం ఊహించగలం గనుక చెప్పటం మన విధి. తక్కువ బలం బండిలో పొరపాటు నెమ్మదిగా జరుగుతుంది. చెయ్యీ కాలూ దాన్ని గుర్తుపడతాయి.

దీనికి ఎదురువాదం ఉన్నది, అది బలమైనదే. తేలికైన పాతబండిలో ప్రమాదం జరిగితే కాపాడేది తక్కువ. బండి జారినప్పుడు తానే సరిదిద్దే ఎలక్ట్రానిక్ స్థిరత్వ నియంత్రణ అమెరికాలో 2012 మోడలు నుంచి తప్పనిసరి అయింది. నా 1999 బండికి అది లేదు. "ఇద్దరే పడతారు, పిల్లవాణ్ణి డిక్కీలో వేస్తారా?" అని మా ఆవిడ అడిగినప్పుడు నవ్వాను గాని, ఆ ప్రశ్నలో న్యాయముంది. అందుకే ఇంటికి వేరే బండి ఉన్నవాడే దీన్ని కొనాలి. పిల్లవాడు ఇందులో ఎక్కడు, వానలో ఇది బయటకు రాదు, వేగం మీద మోజు పుట్టిననాడు రోడ్డు మీద తీర్చుకోరాదు. స్పోర్ట్స్ కార్ క్లబ్ ఆఫ్ అమెరికా వారు ఖాళీ మైదానాల్లో ప్లాస్టిక్ శంకువులు పెట్టి ఒక్కొక్క బండినే వదిలే ఆటోక్రాస్ పోటీలు నడుపుతారు. అక్కడ తప్పు చేస్తే శంకువు పడుతుంది, అంతే. ఒక ఆదివారం అక్కడ గడిపితే, మన బండికి ఎంత బలం లేదో కాక, మనకు ఎంత విద్య లేదో తెలుస్తుంది. ఇంకా బలమైన బండి కావాలన్న కోరిక దానంతటదే చల్లారుతుంది.

కనుక పాత పరుగుబండి మీద మనసుపడిన మిత్రులకు నేను చెప్పేది ఇంతే. కోరిక తప్పు కాదు. తొందర తప్పు. రంగు చూడకముందు రసీదులు అడగండి, నడపకముందు తివాచీ తడిమి చూడండి, పైకెత్తనివ్వనివాడికి నమస్కారం పెట్టి వచ్చేయండి. మీ డబ్బుకు సరిపోయే బండిని కాక, దానిలో మూడు పాళ్ళకు రెండు పాళ్ళతో వచ్చే బండిని వెతకండి. అటువంటిది ఈ ఏడు దొరకకపోతే వచ్చే ఏడు దొరుకుతుంది. సంత ప్రతివారమూ జరుగుతూనే ఉంటుంది.